ఏడో మెట్టు మీద నూకరాజు

మా పేటలో ఎవరు ఎక్కడ ఉండాలో ఖాతాల ఆఫీసు పరీక్షే తేలుస్తుంది కనుక, దర్జీ నూకరాజు పన్నెండు రోజులు మేడమెట్ల మీద, సరిగ్గా ఏడో మెట్టు మీద, కాపురం ఉన్నాడు. నమ్మనివాళ్లు వెళ్లి చూసుకోవచ్చు. ఆ మెట్టు అరిగిపోయి ఉంటుంది.

ఆ ఆఫీసులో రెండు కుర్చీలున్నాయి. ఒకదాంట్లో కంప్యూటరుతోపాటే పుట్టి పెరిగిన పాత కమాండు కూర్చుంటుంది. రెండోదాంట్లో కొత్తగా చేరిన స్క్రిప్టు, అంటే అదే పనికి ఎవరో రాసిపెట్టిన ప్రోగ్రాము. ప్రతి సోమవారం పరీక్షాధికారి త్రినాథరావుగారు ఒక్కొక్క ఖాతాదారు పేరూ చదివి, నంబరెంత, ఇల్లెక్కడ అని రెంటినీ విడివిడిగా అడుగుతారు. జవాబులు కలిస్తే పచ్చముద్ర. కలవకపోతే, సంగతి తేలేదాకా ఆ మనిషి రెండు జవాబులకీ సమానదూరంలో ఉండాలి.

కింది వాటాలోకి వాననీళ్లు వస్తున్నాయని నూకరాజు పైవాటాకి మారాడు. కమాండు "వెయ్యిన్నొకటి, పైవాటా" అంది. పాత చిరునామా ఎప్పుడో చదివి గుర్తుపెట్టుకున్న స్క్రిప్టు "వెయ్యిన్నొకటి, కిందివాటా" అంది. బుధవారం బంట్రోతు టేపుతో వచ్చి, కొలిచి, ఏడో మెట్టు మీద సుద్దగీత గీసి వెళ్లాడు.

కుట్టుమిషను కూడా అక్కడికే చేరింది. కొలతలివ్వడానికి పొడుగువాళ్లు ఐదో మెట్టు మీదా, పొట్టివాళ్లు తొమ్మిదో మెట్టు మీదా నిలబడేవారు. పన్నెండో రోజు త్రినాథరావుగారే ప్యాంటు వదులు చేయించుకోడానికి వచ్చి ఐదో మెట్టెక్కారు.

"నడుం పట్టేసిందండి బాబూ. పైకైనా పొమ్మనండి, కిందికైనా దిగమనండి," అన్నాడు నూకరాజు.

"ఆ ఇద్దర్లో ఎవరిది తప్పన్నా నేను పైఆఫీసుకి సంజాయిషీ రాసుకోవాలయ్యా. అసలు నిన్ను ఇల్లు మారమన్నదెవరు?"

"వానండి."

"వానకి ఖాతా ఉందా?"

"లేదండి."

"చూశావా, అది పైవాటాకీ వస్తోంది, కిందివాటాకీ వస్తోంది. ఎవడైనా ఆపాడా?"

 అలా అన్నాక ఆయన నూకరాజు ఖాతానే తీసేయిద్దామని నిశ్చయించి, ఆ మాట పైకే అనేశారు.

నూకరాజు భార్య మంగాయమ్మ పైమెట్టు మీంచి వంగి, "ఏవండీ ఆఫీసరుగారూ, రేపట్నించి వంట ఎంతమందికి చెయ్యాలంటారు?" అని అడిగింది.

"ఇద్దరికి చెయ్యమ్మా. ఒకళ్లకని చెప్పు."

మర్నాడు సోమవారం పరీక్ష జరిగింది. నూకరాజు ఎవరని అడిగితే "అలాంటి మనిషి లేడు" అంది కమాండు. "అలాంటి మనిషి లేడు" అంది స్క్రిప్టు. అక్షరం తేడా లేదు. పచ్చముద్ర పడింది, ఆఫీసంతా జంతికలు పంచుకున్నారు. ఆ సాయంత్రం నూకరాజు ఊరికే సరదాకి మూడుసార్లు పైకెక్కి మూడుసార్లు కిందికి దిగాడు.

నిబంధన ఒక్కటే. లేనివాళ్లు తాము లేమని ప్రతినెలా ఒకటో తారీఖున స్వయంగా వచ్చి సంతకం పెట్టాలి. నూకరాజు ఒక్క నెలా తప్పలేదు. మొదట్లో ఒక్కడే వెళ్లి వచ్చేవాడు. మొన్న ఒకటో తారీఖున మాత్రం ఖాతాలు తీసేయించుకున్నవాళ్ల వరుస వీధి మలుపుదాకా ఉంది. అతని ముందు మంగాయమ్మ నిలబడి ఉంది.

ఇద్దరూ లేనివాళ్లే కనుక పలకరించుకోలేదు.