ఐదు చుక్కల బ్రేకులు

మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు రోడ్డు వాలుగా దిగే చోట, ఒక ఆదివారం పొద్దున, తన సైకిలుకు బ్రేకులు లేవని శ్రవణ్ కనుగొన్నాడు.

బయలుదేరినప్పుడు ఉన్నాయి. పెట్టె మీద చిరుతపులి బొమ్మతో వచ్చిన ఎర్రటి బ్రేకు రబ్బర్లు. లివర్ నొక్కగానే అవి పుట్నాల పొడిలా రాలి గాలిలో కలిసిపోయాయి. మళ్లీ నొక్కాడు. ఈసారి లివరే ఊడి చేతిలోకి వచ్చింది. దాన్ని ఏం చేయాలో తోచక జేబులో పెట్టుకున్నాడు.

ఇంతవరకు జరిగింది చిన్న ప్రమాదం. పెద్ద ప్రమాదం ముందుంది. ముందు రిత్విక్ సార్ ఉన్నారు.

రిత్విక్ సార్ శ్రవణ్ పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజర్. శ్రవణ్ అక్కడ కాంట్రాక్టు ఉద్యోగి. ఎవరిని పర్మనెంటు చేయాలో, ఎవరిని ఇంటికి పంపాలో తేల్చే జాబితా ఆ నెలాఖరుకు సార్ చేతి మీదుగా తయారు కావాలి. పర్మనెంటు కాగితం చూపిస్తే తప్ప బ్యాంకు వాళ్లు అప్పు ఇవ్వరు. అప్పు రాకపోతే చిన్న మంగళారంలో ఉన్న శ్రవణ్ తండ్రి కుర్మయ్య పొలంలో బోరు పడదు. కాబట్టి ఆ బోరులో పడాల్సిన నీళ్లన్నీ ప్రస్తుతం రిత్విక్ సార్ సైకిలు వెనకాల వరుసలో ఉన్నాయి.

ఆ కంపెనీలో ఆరోగ్యం పూర్తిగా స్వచ్ఛందం. ఆదివారం పొద్దున చేవెళ్ల దాకా సైకిలు తొక్కమని ఎవరినీ బలవంతం చేయరు. తొక్కనివాళ్ల పేర్లు మాత్రం గుర్తుంచుకుంటారు. ముందు సార్, ఆయన వెనక టీమ్ లీడ్లు, వాళ్ల వెనక సీనియర్లు, ఆ వెనక పర్మనెంటు వాళ్లు, అందరికన్నా వెనక కాంట్రాక్టు వాళ్లు. సార్ కొబ్బరిబోండాం దగ్గర ఆగితే అందరికీ దాహం వేస్తుంది. సార్ మబ్బును చూసి బాగుందంటే అందరూ మబ్బును ఫోటో తీస్తారు. సార్‌ను దాటి వెళ్లిన మనిషి ఆ కంపెనీ చరిత్రలో లేడు.

ఆ వాలులో శ్రవణ్ పర్మనెంటు వాళ్లను దాటాడు. "సారీ అన్నా, సారీ అక్కా" అంటూ సీనియర్లను దాటాడు. కళ్లు మూసుకుని టీమ్ లీడ్లను దాటాడు. చివరికి రిత్విక్ సార్‌ను దాటబోతూ, ఎంత ప్రమాదంలోనైనా వినయం తప్పకూడదని, "గుడ్ మార్నింగ్ సర్" అన్నాడు.

ఆ తర్వాత రోడ్డు మలుపు తిరిగింది. శ్రవణ్ తిరగలేదు. నేరుగా రోడ్డు పక్కన ప్రమీలమ్మ అనే రైతు గోబి తోటలోకి వెళ్లి, బాగా ఎదిగిన కాలీఫ్లవర్ పూల మధ్య ఆగాడు.

ప్రమీలమ్మ కొంగు నడుముకు దోపుకుని వచ్చింది. "ఓ పిలగా! బాట గట్లున్నది, మా గోబి ఇట్లున్నది. కండ్లు ఏడ పెట్టుకున్నవ్?"

"బ్రేకులు పడలే అవ్వా."

"పడనిదాన్ని ఎక్కుడెందుకు? ఇగో, ఆ పూలన్నీ ఏరి గంపల పెట్టిపో. దెబ్బలు తర్వాత చూసుకుందువు."

శ్రవణ్ ఏరుతుండగా రోడ్డు మీద కంపెనీ అంతా వరుస తప్పకుండా సాగిపోయింది. సార్ ఆగలేదు కాబట్టి ఎవరూ ఆగలేదు.

ఇక ఆ సైకిలు సంగతి. అది కుర్మయ్యది. వంకాయల గంపలు మోసి మోసి, ఆయన మోపెడ్ కొన్నాక బర్రెల కొట్టం వెనక విశ్రాంతి తీసుకుంటోంది. ఆదివారపు సైకిళ్ల ధర ఎంతో కొడుకు చెప్పగా విని కుర్మయ్య, "ఇంజను ఏడుంటది దానికి?" అని అడిగాడు. ఉండదని తెలిసి, ధర మళ్లీ ఒకసారి చెప్పమన్నాడు. అలాంటిది కొనే తాహతు లేదు గనుక, ఉన్న సైకిలునే ఆన్‌లైన్‌లో విడిభాగాలు తెప్పించి కొత్త చేయాలని శ్రవణ్ నిశ్చయించాడు. దీన్ని పొదుపు అంటారు. ఆ విడిభాగాలన్నీ కలిపితే ఎంత అవుతుందో కూడి చూడటం పొదుపరులకు తగదు.

మొదట సీటు వచ్చింది. శ్రవణ్ తల్లి సక్కుబాయి దాన్ని చేతిలోకి తీసుకుని, "గిదేం సీటురా, బెండకాయంతున్నది. కూసునేదా, కూర వండేదా?" అంది. తర్వాత పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిల్ వచ్చింది. తర్వాత గేర్లు. గేరు మార్చినప్పుడల్లా చైను ఊడుతుంది. చైను ఊడకూడదంటే గేరు మార్చకూడదు. ఈ పద్ధతి మీద గేర్లు చక్కగా పనిచేశాయి. బరువు తగ్గించాలని క్యారియర్, స్టాండు, మడ్‌గార్డులు, చివరికి బెల్లు కూడా తీసేశాడు. తీసేసిన సామాను నడింట్లో పేర్చాడు. సైకిలు ఎంత తేలికైందో ఇల్లు అంత ఇరుకైంది. స్టాండు లేదు గనుక దాన్ని ఆనించడానికి ఎప్పుడూ ఒక గోడ కావాలి. గోడ లేని చోట కుర్మయ్య నిలబడేవాడు.

శ్రవణ్ చదువుకున్నవాడు కనుక బొమ్మ చూసి కొనడు. కొన్నవాళ్ల అభిప్రాయాలు చదివి కొంటాడు. అలా చదువుతుండగానే అతనికి ఒక మహానుభావుడు తారసపడ్డాడు. ఏ సీటు చూసినా, ఏ చైను చూసినా, కింద ఒకే పేరు: ఎస్.ఎల్.ఎన్., మొయినాబాద్. ధ్రువీకరించబడిన కొనుగోలుదారు. ప్రతి వస్తువుకూ ఐదుకు ఐదు చుక్కలు. సీటు గురించి ఆయన, "ఇంటిల్లిపాదికీ నచ్చినది" అని రాశాడు. గేర్ల గురించి, "మీ వ్యాపారం దినదినాభివృద్ధి చెందాలి" అన్నాడు. బ్రేకుల గురించి, "చాలా బాగున్నవి. ఆగకుండా వాడుతున్నాము" అన్నాడు.

ఆదివారపు బృందంలో ఎస్.ఎల్.ఎన్. గురించి తెలియనివారు లేరు. ఆయన జన్వాడ ఫామ్‌హౌసులో ఉండే రిటైర్డ్ మిలిటరీ అధికారి అని కొందరు, లోకమంతా తొక్కివచ్చిన యోధుడని కొందరు చెప్పుకునేవారు. ఇన్ని రకాల సీట్లు ఒకే మనిషి వాడాడంటే ఆయన పట్టుదల ఎలాంటిదో అని టీమ్ లీడ్లు ఆశ్చర్యపడేవారు. రిత్విక్ సార్ కూడా ఎస్.ఎల్.ఎన్. మాట లేకుండా ఏ వస్తువూ కొనేవారు కాదు.

సోమవారం విచారణ జరిగింది. చేతికి కట్టుతో శ్రవణ్ నిలబడ్డాడు.

"నన్నెందుకు ఓవర్‌టేక్ చేశావు శ్రవణ్?"

"చెయ్యలే సర్. బ్రేకులు ఫెయిలైనయ్."

రిత్విక్ సార్ ల్యాప్‌టాప్ అతని వైపు తిప్పారు. "ఈ బ్రేకులేనా? చూడు. ఐదుకు ఐదు. సాక్షాత్తూ ఎస్.ఎల్.ఎన్. గారు ఇచ్చారు. ఇలాంటి బ్రేకులు ఫెయిల్ కావు. అంటే నువ్వు కావాలనే దాటావు."

శ్రవణ్ జేబులోంచి లివర్ తీసి బల్ల మీద పెట్టాడు. "గిదే సర్, ఊడొచ్చింది. చేయి గూడ చూడుండ్రి."

"అది నీ ఒక్కడి అనుభవం. ఒక్కొక్కరి అనుభవాన్ని పట్టుకుంటే కంపెనీలు నడవవు. డేటా అబద్ధం చెప్పదు శ్రవణ్. మనమంతా ఒక కుటుంబం. కుటుంబంలో వేగం ముఖ్యం కాదు, వరుస ముఖ్యం. పైగా పక్కనుంచి పోతూ గుడ్ మార్నింగ్ అన్నావు. నిజంగా పడబోయేవాడు ఎవడైనా గుడ్ మార్నింగ్ అంటాడా?"

"అలవాటు సర్."

శ్రవణ్ చివరి ప్రయత్నంగా ప్రమీలమ్మకు ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాడు. "ఏం బ్రేకు సారూ? మా గోబిల పడితేనే ఆగిండు. మా గోబియే బ్రేకు!" అని ఆవిడ సాక్ష్యం చెప్పింది.

"ఆవిడ ధ్రువీకరించబడిన కొనుగోలుదారు కాదు," అని రిత్విక్ సార్ కొట్టివేశారు. వచ్చే ఆదివారంలోగా ఆ బ్రేకులు చెడ్డవని ఎస్.ఎల్.ఎన్. గారి నోటితోనే చెప్పించాలనీ, లేకపోతే పర్మనెంటు జాబితాలో పేరు ఉండదనీ తీర్పు ఇచ్చారు.

శ్రవణ్ ఆన్‌లైన్‌లో బ్రేకుల కింద ప్రశ్నల గడిలో దండం పెట్టి రాశాడు: "ఎస్.ఎల్.ఎన్. గారూ, మీ మాట నమ్మి కొన్న. బ్రేకులు పొడైపోయినయ్. నా నౌకరి పోయేటట్టున్నది. జర నిజం చెప్పుండ్రి." జవాబు రాలేదు.

బుధవారం సాయంత్రం, దెబ్బ మీదికి పసుపు తెమ్మని తల్లి పంపితే మొయినాబాద్‌లో వెంకటేశం దుకాణానికి వెళ్లాడు. చుట్టుపక్కల ఊళ్లలో ఇల్లు దొరకడం లేదని కొరియర్ వాళ్లు పార్సిళ్లన్నీ అక్కడే దించిపోతారు. శ్రవణ్ సీటు, గేర్లు, బ్రేకులు అన్నీ ఆ కందిపప్పు బస్తా పక్కనుంచి వచ్చినవే. వెంకటేశం తూకంలో పప్పు జోకుతున్నాడు. లోపలి నుంచి ఆయన భార్య అరుణాదేవి కేకేసింది.

"ఇగో, వింటున్నరా? బ్రేకులు పొడైనయ్, నౌకరి పోతదట, జర నిజం చెప్పుమని ఎవలో ఫోన్ల రాసిండ్రు."

"ఎవలో ఏమో పాపం," అన్నాడు వెంకటేశం తూకం మీంచి చూపు తిప్పకుండా. "బాగున్నవి, మళ్లీ రాగలరు అని కొట్టు."

శ్రవణ్ జేబులో ఫోన్ మోగింది. తీసి చూశాడు. "బాగున్నవి. మళ్లీ రాగలరు. ఎస్.ఎల్.ఎన్., మొయినాబాద్."

అతను రోడ్డు మీదికి వచ్చి తలెత్తి చూశాడు. శ్రీ లక్ష్మీ నరసింహ కిరాణా అండ్ జనరల్ స్టోర్స్. పుట్టినప్పటి నుంచి తెలిసిన దుకాణం బోర్డు ఎవరూ చదవరు.

"సేటూ! నువ్వా?" అన్నాడు శ్రవణ్.

"నేనే బిడ్డా. ఏమైంది, పసుపు ఎంత జోకమంటవ్?"

మిగతా సంగతి అప్పుడు తెలిసింది. ఆర్డర్ పెట్టడం రాని వాళ్లకు, పక్కనున్న ప్రొద్దుటూరు నుంచి జన్వాడ దాకా, వెంకటేశమే దుకాణం ఖాతా మీద సామాను తెప్పిస్తాడు. ఆదివారపు సైకిళ్లను చూసి ఊరూరా కుర్రవాళ్లు తమ సైకిళ్లకూ సీట్లు, గేర్లు తెప్పించుకోసాగారు. వచ్చిన ప్రతి పెట్టెకూ, ఎలా ఉందో చెప్పమని ఫోన్ వెంకటేశాన్నే అడుగుతుంది.

ఎస్.ఎల్.ఎన్. గారు దొరికారని శ్రవణ్ చెప్పడంతో, ఆదివారం పొద్దున కంపెనీ అంతా దుకాణం ముందు వరుసగా ఆగింది. యోధుడితో ఫోటో దిగాలని రిత్విక్ సార్ జుట్టు దువ్వుకుని వచ్చారు. బియ్యం బస్తా మీద కూర్చున్న మనిషిని చూసి కూడా, ఎస్.ఎల్.ఎన్. గారు లోపల ఉన్నారేమో అని కాసేపు ఎదురుచూశారు.

ఆ నెలాఖరున విడుదలైన పర్మనెంటు జాబితాలో శ్రవణ్ పేరు ఉంది. పనితీరు అనే గడిలో ఐదుకు ఐదు పడ్డాయి. ఏ పని చూసి వేశారో కంపెనీ వివరించలేదు. వివరణ మొత్తం ఆ ఆదివారం నేరస్థుడు వెంకటేశం ఇచ్చిన వాంగ్మూలంలోనే ఉన్నందున, దాన్ని ఒక్క అక్షరం మార్చకుండా కింద ఇస్తున్నాం.

"అవ్ సారూ, కొట్టింది నేనే. ఆ చుక్కలన్నీ నేనే కొట్టిన. సైకిలు నాకు తొక్కరాదు. మా నాయిన నేర్పలే, నడక రాంగనే దుకాణంల కూసోబెట్టిండు. ఆ బ్రేకులు ఎర్రగుంటయో పచ్చగుంటయో గూడ నాకెరుక లేదు. డబ్బ విప్పలే. ఒకరి సరుకు మనమెట్ల విప్పుతం?

పెండ్లికి పోతం సారూ. తిని చెయ్యి కడుగుతుంటె పెండ్లింటాయన వచ్చి, బువ్వ మంచిగున్నదా అని అడుగుతడు. ఉప్పు తక్కువైంది అంటమా? మస్తున్నది అంటం. గిది గూడ గంతే. సరుకు పంపినోడు ఎక్కడో కూసోని, ఎట్లున్నది ఎట్లున్నది అని పొద్దుగాల్నుంచి ఫోన్ల అడుగుతుండె. మంచిగలేదంటె ఆని మనసు కష్టపడదా? పైగ నేను గూడ దుకాణమోన్నే. ఇంకో దుకాణమోని సరుకును చెడ్డదని మా తాత అనలే, మా నాయిన అనలే. నేనెట్లంట?

ఒక్కసారి నిజం కొట్టిన. మా పక్కింటి పాండు తెప్పించుకున్న మిక్సి తిరుగుతలేదని ఒక్క చుక్క కొట్టిన. గడియకే ఫోనొచ్చింది. ఎవలో ఆడపిల్ల, హిందీల ఏడ్వబట్టింది. అంకుల్, చుక్కలు తక్కువైతె నా నౌకరి పోతది అన్నది. ఏం జెయ్యాలె? ఐదు కొట్టిన. మిక్సి ఇప్పటిదాక తిరగలే. పిల్ల నౌకరి నిలబడ్డది. అప్పటిసంది దుకాణం తెరిచి, ఊదుబత్తి ముట్టిచ్చి, అందరికి ఐదైదు కొట్టి బోణీకి కూసుంటున్న.

తప్పు నాదే, ఒప్పుకుంటున్న. కని ఒక్క మాట. ఈ పిలగాడు బ్రేకులు పడలే అంటె మీరు నమ్మలే. చేతి కట్టు చూపెట్టిండు, నమ్మలే. ప్రమీలమ్మ గోబంత నాశనమైంది, అదీ నమ్మలే. గీడ కూసోని పప్పు జోకుకుంట నేను కొట్టిన చుక్కలు నమ్మిండ్రు. మీ నెత్తి మీది ఆ టోపీ గూడ నా మాట మీదనే కొన్నరట కద? తియ్యకుండ్రి సారూ, ఉండనియ్యుండ్రి, ఎండకన్న పనికొస్తది.

ఇప్పుడు బ్రేకులకు చుక్కలు తగ్గియ్యమంటున్నరు. తగ్గిస్తె మళ్ల ఆ పిల్ల ఫోన్ జేసి ఏడుస్తది. తగ్గియ్యకుంటె మా కుర్మయ్య కొడుకు నౌకరి పోతది. ఇద్దరి నౌకరీలు తెచ్చి నా బొటనేలు మీద పెడితె ఎట్ల సారూ? ఒక పని చెయ్యుండ్రి. మీ ఆఫీసుల మనుషులకు గూడ చుక్కలు కొడతరట కద. ఈ పిలగానికి ఐదు కొట్టి పర్మనెంట్ జెయ్యుండ్రి. పని చూసినంక కొడతమంటరా? మీకు మీ పై సార్లు డబ్బ విప్పి చూసే కొట్టిండ్రా?"