ఇబ్బంది నివారణ పథకం

దివ్యాంగులందరినీ తమ కాళ్ల మీద తాము నిలబడేలా చేసేదాకా నిద్రపోనని మంత్రిగారు ప్రకటించారు. ఆ ప్రకటన రేడియోలో వస్తున్నప్పుడు ఫ్యానక్క తన కొట్టులో చక్రాల కుర్చీలో కూర్చుని ఓ ఫ్యాను విప్పుతోంది. అప్పటికే ఆమె కష్టం మీద ఆమె బతుకుతోంది. కానీ ప్రభుత్వానికి తెలియకుండా బతికితే అదీ ఓ బతుకేనా?

ఫ్యాన్లు బాగుచేస్తుంది కనక వీధంతా ఆమెను ఫ్యానక్క అంటారు. వీధివాళ్లు చేసింది కూడా ఏమంత గొప్ప సాయం కాదు. వడ్రంగి ఆమె పనిబల్ల కాళ్లు కోసి కుర్చీకి అందేలా చేశాడు. మేస్త్రి గడప దగ్గర వాలుగా సిమెంటు పోశాడు. పక్క కొట్టు టైలర్ బాబాయి పొద్దున ఆమె షట్టర్ ఎత్తి, సాయంత్రం దించుతాడు. ఇంత చేసి ఒక్కడూ ఫోటో తీయించుకోలేదు. లోకజ్ఞానం లేని జనం.

ఈమధ్యే ఆసుపత్రి వాళ్లు వార్డు ఫ్యాన్లు తెచ్చి పడేశారు. సోమవారానికి బాగుచేసిస్తే ఏడాది పొడుగునా ఆసుపత్రి పనంతా ఆమెదే. ఫ్యానక్క పండగ చేసుకుంది. సరిగ్గా అప్పుడే మంత్రిగారి చల్లని చూపు ఆమె మీద పడింది.

పార్టీ కార్యకర్త కారేసుకుని వచ్చి, స్వయం ఉపాధికి ఆమే ఆదర్శమనీ, సభకు రావాల్సిందేననీ అన్నాడు.

"పనుంది బాబూ" అంది ఫ్యానక్క.

"మీరు పని చేసుకుంటున్నారని చెప్పడానికే కదా మేడమ్ రమ్మంటున్నాం."

కుర్చీతో సహా ఎత్తి స్టేజీ ఎక్కించారు. శాలువా కప్పారు. ఉక్కపోతలో మిట్టమధ్యాహ్నం దాకా పొగిడారు. మర్నాడు మరో ఊళ్లో సభ. ఆ మర్నాడు మంత్రిగారే కొట్టుకు వేంచేసి, స్క్రూడ్రైవర్ పట్టుకుని పత్రికల వాళ్లకు పోజిచ్చారు. ఆయన చెయ్యి పడేదాకా ఆ ఫ్యాను బాగానే తిరిగేది.

ఇక లాభం లేదని ఫ్యానక్క టైలర్ బాబాయి కొట్టు వెనకగదిలో దాక్కుంది. గుడ్డపీలికల మధ్య కూర్చుని ఫ్యాన్లకు వైరు చుట్టుకుంటుంటే, బాబాయి బయట నిలబడి అమ్మాయి ఊళ్లో లేదని అబద్ధాలాడాడు. కానీ ప్రజాసేవకు అడ్డేముంది? మంత్రిగారు వెనకగుమ్మంలోంచి వచ్చేశారు.

"ఏ సాయం కావాలో అడగమ్మా. మొహమాటపడకు."

"నన్ను నా మానాన వదిలేయండి సార్. ఎవరూ ఇబ్బంది పెట్టకుండా ఉంటే అదే పదివేలు."

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. ఇంత గొప్ప ఆలోచన ఇంతవరకు ఏ ప్రభుత్వానికీ తట్టలేదని పీఏతో అన్నారు. పీఏ కూడా కళ్లు తుడుచుకున్నాడు.

ఆదివారానికల్లా ఫ్యాన్లన్నీ తయారయ్యాయి. సోమవారం పొద్దున షట్టర్ ఎత్తడానికి వచ్చిన బాబాయికి షట్టర్ కనబడలేదు. దానికడ్డంగా పెద్ద బ్యానర్, ముందు షామియానా, స్టేజీ. ఇబ్బంది నివారణ పథకం ప్రారంభోత్సవం. ఫ్యానక్కను ఎవరూ ఇబ్బంది పెట్టకుండా కాపలా కాయడానికి కార్యకర్తలు చేతులు పట్టుకుని వీధికడ్డంగా నిలబడ్డారు. ముఖ్య అతిథి ఫ్యానక్కే.

మంత్రిగారి ఉపన్యాసం మధ్యలో వీధి చివర ఆసుపత్రి మనిషి కనబడ్డాడు. ఫ్యానక్క అతణ్ని రమ్మని స్టేజీ మీంచి చెయ్యి ఊపింది. జనానికి ఊపుతోందనుకుని మంత్రిగారూ ఊపారు. జనమూ ఊపారు.

కాసేపటికి కార్యకర్త ఆమె చెవి దగ్గర వంగాడు.

"మీరేం కంగారు పడకండి మేడమ్. ఆసుపత్రి నుంచి ఎవరో వచ్చి, ఫ్యాన్లంటూ, ఏడాది పనంటూ మిమ్మల్ని ఇబ్బంది పెట్టబోయాడు. పంపించేశాం."

పథకం మొదలైన గంటలోనే మొదటి ఇబ్బందిని నివారించామని మంత్రిగారు మైకులో ప్రకటించారు. చప్పట్లతో వీధి దద్దరిల్లింది. కొట్టనిది టైలర్ బాబాయి ఒక్కడే. వెనకగదిలోని ఫ్యాన్లు చేతికొకటి పట్టుకుని, కాళ్లకు చెప్పులైనా లేకుండా, ఆసుపత్రి మనిషి వెనక పరిగెత్తుతున్నాడు.