ఆపకూడని బ్లెండర్

ఆ ఉదయం మబ్బు అనే అతను వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. పదింటి నుంచి కొత్తగా వచ్చిన చిన్న బ్లెండర్‌ను అయిదు రకాలుగా పరీక్షించాలి, పదకొండుకి నివేదిక రాయాలి, పన్నెండుకి ఆఫీసులో ఇచ్చేయాలి. వంటింటి సామాన్లను ఇంట్లో వాడి చూసి వాటి మంచిచెడ్డలు ఒక మాసపత్రికకి రాయడం అతని ఉద్యోగం. మాట్లాడుతూ మాట్లాడుతూనే కిటికీలోంచి ఎటో వెళ్ళిపోతాడు గనక ఆఫీసువాళ్ళు మబ్బు అని పేరు పెట్టారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు జీతం కాగితంలో తప్ప ఎక్కడా మిగల్లేదు.

పోయిన నెల ఇస్త్రీపెట్టె గురించి రాస్తూ, అది చొక్కా మీద వెన్నెల్లో పడవలా సాగిందన్నాడు. కరెంటు ఎంత తాగుతుందో రాయడం మర్చిపోయాడు. సంపాదకురాలు ఆ కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, "నాకు అంకెలు కావాలి బాబూ, పడవలు కాదు. బ్లెండర్ గురించి ఉన్నది ఉన్నట్టు లెక్కలతో రాయకపోయారో, ఈ శీర్షిక ఇంకొకరికి ఇచ్చేస్తా. మీరు ప్రూఫులు దిద్దుకుందురుగాని" అంది. ఆ శీర్షికంటే మబ్బుకి ప్రాణం.

అందుకే పది కొట్టేలోపే పెన్సిలు చెక్కుకుని వంటగదిలో నిలబడ్డాడు. అరటిపండు, పాలు జారులో వేసి, మూత బిగించి, బోర్లించి, మోటారు మీద పెట్టి అరచేత్తో నొక్కాడు. చెయ్యి తీస్తే ఆగిపోయే రకం అది. పక్కనే స్టూలు మీద అత్తగారు కూర్చుని చూస్తోంది. నలభై ఏళ్ళు పిండిమర నడిపి, ఆ మర మీది గదిలోనే కాపురం చేసిన మనిషి. మర అమ్మేసి కూతురి దగ్గరికి వచ్చి మూడు వారాలైంది. వచ్చిన నాటి నుంచీ కంటి మీద కునుకు లేదు.

బ్లెండర్ మోత పెద్దదేం కాదు. బొంగురుగా, సన్నగా, దూరాన ఎక్కడో పిండిమర తిరుగుతున్నట్టు మొదలై గదంతా పరుచుకుంటోంది. నిమిషం కాగానే మబ్బు చెయ్యి తీసి, "అత్తయ్యగారూ, కాస్త ఆ చెంచా ఇస్తారా?" అన్నాడు.

ఆవిడ ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. "అయ్యో, ఎందుకాపారు బాబూ? ఇప్పుడే కదా కళ్ళు మూతలు పడ్డాయి!"

గుమ్మంలో నిలబడ్డ భార్య పరుగున వచ్చింది. బడిలో లెక్కల టీచరు ఆమె, ఆ రోజు సెలవు. "ఏవండీ, మళ్ళీ నొక్కండి! మూడు వారాల్లో అమ్మ నిద్రపోవడం ఇదే మొదటిసారి."

"నిమిషానికి మించి తిప్పకూడదని దాంతో వచ్చిన కాగితంలో రాశారే..."

"కాగితం నిద్రపోతుందా? నొక్కండి."

నొక్కాడు. ఆవిడ తల మెల్లగా గోడకి ఆనింది, ఒళ్ళో చేతులు విప్పారాయి. ముఖం మీది ముడతలన్నీ ఒక్కొక్కటే సర్దుకుంటుంటే మబ్బుకి కళ్ళు చెమర్చాయి. అంతలోనే గోడ గడియారం చూశాడు. జారు మార్చాలంటే ఆపాలి, ఆపితే ఆవిడ లేస్తుంది. మిగతా నాలుగు పరీక్షలకీ నీళ్ళొదులుకోవాల్సిందే. "నా శీర్షిక పోతుందే" అన్నాడు గుసగుసగా. అప్పటికే ఇంకో స్టూలు లాక్కుని కూర్చున్న భార్య, తల్లి భుజం మీద వాలి నిద్రపోతోంది.

పావుగంటకి తలుపు దబదబలాడింది. "గడియ వెయ్యలేదు, రండి" అని మెల్లగా కేకేశాడు. కింది వాటాలో ఉండే రిటైర్డ్ స్టేషన్ మాస్టరు కోపంతో ఊగిపోతూ వచ్చాడు.

"ఏంటండీ ఈ గోల? పేపరు చదువుకోనివ్వరా?"

"ఒక్క అయిదు నిమిషాలు ఓపిక పట్టండి మాస్టారూ. ఆ కుర్చీలో కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదు నేను. పోట్లాడ్డానికి వచ్చాను" అంటూనే ఆయన కూర్చున్నాడు. "ఇదిగో చూడండి, మనుషులన్నాక ఒక... ఒక పద్ధతి..." ఆ పద్ధతేమిటో తేలకుండానే గడ్డం ఛాతీకి ఆనింది.

ఇక మబ్బు ఒక్కడే మిగిలాడు. కిటికీలోంచి వచ్చిన ఎండ గచ్చు మీద పరుచుకుని, పాలగిన్నెని తాకి, ముగ్గురి పాదాల మీదా నిలిచింది. తనదీ కలిపి నాలుగు ఊపిరులూ ఒకే లయలో నడుస్తున్నాయి. ఇల్లంతా తీరం వదిలి నెమ్మదిగా ఎటో తేలిపోతున్నట్టనిపించింది. ఛ, మళ్ళీ పడవే! తల విదిలించుకున్నాడు. వేరే పనేమీ చెయ్యలేడు గనక ఎడం చేత్తో పెన్సిలు తీసి, గడియారం చూస్తూ, నివేదిక కోసం గోడకి అంటించుకున్న కాగితం మీద వంకర అక్షరాలతో ఒక్కొక్క అంకే వేయడం మొదలుపెట్టాడు.

పదకొండుంబావుకి ఫోను మోగింది. "నివేదిక ఎంతవరకు వచ్చింది? వెనకాల ఆ మోతేంటి?" అంది సంపాదకురాలు.

"ఆపలేనండీ మేడమ్. ఆపితే లేస్తారు."

"ఎవరు? ఏం మాట్లాడుతున్నారు మీరు? ఉండండి, నేనే వస్తున్నా!"

ఆఫీసు రెండు వీధుల అవతలే. పది నిమిషాల్లో గుమ్మంలో నిలబడింది. స్టూళ్ళ మీదా కుర్చీలోనూ ఒరిగిపోయిన మనుషుల్ని చూసి నోరు తెరిచి, గొంతు పెంచకుండా తిట్టడం మొదలుపెట్టింది. "ఇంటిల్లిపాదికీ ఏం పెట్టారండీ మీరు? ఇదా పరీక్ష? మీకు ప్రూఫులే..." బల్ల మీద చెయ్యి ఆనించింది. కాసేపటికి చెయ్యి మీద చెంప ఆనించింది. ప్రూఫుల సంగతి అక్కడితో ఆగింది.

పదకొండు నలభైకి బ్లెండర్ ఒకసారి దగ్గి, నల్లటి పొగ వదిలి, చల్లబడింది.

ఆ నిశ్శబ్దానికి నలుగురూ ఒక్కసారే లేచారు. స్టేషన్ మాస్టరు చొక్కా సర్దుకుని, "ఇకనైనా గోల ఆపారు, సంతోషం" అని దిగి వెళ్ళిపోయాడు. అత్తగారు ఒళ్ళు విరుచుకుని, "బాబూ, ఇలాంటిది ఇంకోటి దొరుకుతుందా?" అంది. సంపాదకురాలు చెంప మీది గాజు గుర్తు తడుముకుంటూ, "నేను గమనిస్తున్నా అంతే. నివేదిక ఇవ్వండి" అంది.

మబ్బు గోడ మీది కాగితం లాగి చేతిలో పెట్టాడు. ఆమె నిలబడే చదివింది. "ఒక నిమిషం: అరటిపండు ముక్కలు మిగిలాయి. నాలుగు నిమిషాలు: మెత్తబడింది. ఇరవై: పాలు గోరువెచ్చన. యాభై: మోటారు వేలు పెట్టలేనంత వేడి. నూట ఒకటి: పొగ, మోటారు కాలిపోయింది. నిద్రపోయినవారు: నలుగురు."

ఇంతకాలం పత్రికలో ఎవరూ ఏ వస్తువునీ కాలిపోయేదాకా తిప్పి చూడలేదు. కాగితంలో ఒక్క పడవ లేదు, ఒక్క వెన్నెల లేదు. ఆమె ముఖం విప్పారింది. చివరి వరుసకి వచ్చేసరికి మళ్ళీ ముడుచుకుంది.

"ముగ్గురు అని దిద్దండి."

సరేనంటే పోయేదేముంది? మబ్బు భార్య వైపు చూశాడు. లెక్కల టీచరు వేళ్ళు మడిచి లెక్కపెట్టి, నాలుగో వేలు దగ్గర ఆగి, అతనికేసి చూసింది.

"నలుగురేనండీ మేడమ్" అన్నాడు మబ్బు. "ఉన్నది ఉన్నట్టు రాయమన్నారు. శీర్షిక తీసేసినా సరే, నేను దిద్దను."

సంపాదకురాలు అతని పెన్సిలే అడిగి తీసుకుని, అచ్చుకి పంపమని కింద సంతకం పెట్టింది. "వచ్చే నెల రొట్టెలు కాల్చే పెట్టె పంపిస్తా. అదీ మీరే చూడండి" అని గబగబా మెట్లు దిగిపోయింది.

పత్రికలో నివేదిక అక్షరం పొల్లుపోకుండా వచ్చింది, "నిద్రపోయినవారు: నలుగురు" అన్న చోట మాత్రం పక్కనే చిన్న అక్షరాల్లో "అందులో ఒకరు విధి నిర్వహణలో భాగంగా" అని ఉంది.