ఉల్లిగడ్డల అర్రకు కొలత

ఆ ఉదయం సాహిత్య అనుకున్నది చిన్న పనే. ఇంట్లో తాను పనిచేసుకునే గది కొలిచి, ఆ కొలతలు ఆడిటర్ సంజనకు పంపాలి. మొయినాబాద్ దగ్గరి సురంగల్‌లో అత్తవారింట్లో కూర్చుని, నగరంలోని మూడు కంపెనీలకు ఈమెయిళ్లు, మీటింగులు, బిల్లులు చూసిపెట్టడం ఆమె స్వయం ఉపాధి. ఆదాయపు పన్ను రిటర్ను వేయడానికి ఆ రోజే ఆఖరు. ఇంట్లో ఆ గది ఎన్నో వంతో తేలితే, కరెంటు బిల్లులో అంత వంతు ఖర్చు కింద మినహాయించి పన్ను లెక్క కడతానంది సంజన.

ఇంట్లోవాళ్లకు మాత్రం అది ఉల్లిగడ్డల అర్ర. సాహిత్య చేసేది "ఫోన్ల ముచ్చట". నాలుగేళ్లుగా ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకు ఒళ్లు మండుతూనే ఉంది.

భూముల ధరలు మండే మొయినాబాద్ చుట్టుపక్కల టేపు బయటికి తీస్తే రెండే అర్థాలు: అమ్మకం, లేదా పంపకం. మామగారు వెంకటయ్య చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"ఏం కొలుస్తున్నవ్ బిడ్డా?"

"ఆఫీస్ రూమ్ మామయ్యా. ట్యాక్స్ కోసం."

"ట్యాక్స్ కట్టేటోళ్లు కాయిదం పట్టుకుంటరు గని టేపు పట్టుకుంటరా?"

వెంటనే చేవెళ్లలో ఉన్న చిన్న కొడుకు ప్రశాంత్‌కు ఫోన్ కొట్టాడు. "మీ వదిన ఇల్లు కొలుస్తున్నదిరా. మీ అన్న నోరు మెదుపుత లేడు." అన్న హరీష్ నోట్లో అప్పుడు బ్రష్ ఉంది.

గంటలో ప్రశాంత్ కొలతల మనిషిని వెంటబెట్టుకుని దిగాడు. "నన్ను అడగకుండ పంచుకుంటరా? కొలిస్తే మొత్తం కొలుద్దాం!"

"పంచుడు లేదు, ఏం లేదు! కరెంట్ బిల్లు కోసమని చెప్తున్న గద!" సాహిత్య గొంతు చించుకుంది.

"కరెంట్ బిల్లుకు గోడలు కొలుస్తరా వదినా? నేను గూడ జర చదువుకున్నోన్నే."

వంటిల్లు, వరండా, చివరికి పశువుల కొట్టం కూడా కొలిచారు. అటుగా పోతున్న అజీజ్‌నగర్ బ్రోకర్ బండి ఆపి, "ఫాంహౌజ్‌కు ఇస్తున్నరా అన్నా?" అన్నాడు. వెంకటయ్య చెప్పు తీశాడు.

ఆ గోలకు అత్తగారు శకుంతలమ్మ చేను నుంచి పరుగున వచ్చింది. "ఇల్లు నా పేరు మీద ఉన్నది. మా నాయన పైసలతోని కట్టింది. నేనుండంగ ఎవ్వనికి వంతు లేదు. దేనికి కొలుస్తున్నరు?"

అందరూ సాహిత్య వైపు చూశారు. ఆమెకు కోపంతో ఏడుపొచ్చింది.

"నేను గా అర్రల కూసొని పని చేస్తున్న అత్తమ్మా. సర్కారు నాది పనే అని ట్యాక్స్ గుంజుతున్నది. ఈ ఇంట్ల ఒక్కలన్న పని అన్నరా?"

శకుంతలమ్మ చేతుల మట్టి కొంగుకు తుడుచుకుంటూ కోడలి దగ్గరికి వచ్చింది.

"అయితే గది ఆఫీసే అంటవ్."

"ఆఫీసే!"

"మరి కిరాయి ఏది?"

ప్రశాంత్ తెచ్చిన మనిషి రాసిన కాగితాన్ని సాహిత్య సంజనకు పంపి, అత్తగారు కిరాయి అడిగిన సంగతీ చెప్పింది. పంపకం కోసం కొలిచిన లెక్క కాబట్టి అంగుళం తేడా లేదు. "కొట్టం తీసేస్తే పదో వంతు. ఇంత పక్కాగా ఎవరూ పంపలేదు," అని సంజన మెచ్చుకుంది. "ఇక నుంచి కిరాయి అత్తగారి బ్యాంకు ఖాతాలో వేయి. వచ్చే ఏడాది అదీ మినహాయింపే."

కిరాయి నెలకు మూడు వేలని శకుంతలమ్మ తేల్చింది. ఆ రోజు నుంచి ఇంటిల్లిపాదీ ఆ గదిని ఆఫీసనే అన్నారు. ఉల్లిగడ్డలు మాత్రం కిరాయి లేకుండా అక్కడే ఉన్నాయి.