హాజరైనవారికే చికిత్స

ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, మా లింబాగన్ దీవిలో కేన్సర్ వైద్యంలో అసమానతలు మొన్నటి ఫియెస్టా పండుగతో సమసిపోయాయి.

అంతకుముందు పరిస్థితి ఘోరంగా ఉండేది. రేడియేషన్ యంత్రం సముద్రం అవతల సెబు నగరంలో ఉంది. ఏడాదికి ఒక్కరికి పడవ, బస, ఆరు వారాల చికిత్స ప్రభుత్వమే ఇస్తుంది. ఆ ఒక్కరూ ఎప్పుడూ మేయరుగారి చుట్టమే అయ్యేవారు. చివరికి మేయరు బాల్దోమెరోగారే పక్షపాతాన్ని వేళ్లతో సహా పెకలించి లాటరీ పెట్టారు. ఊళ్లో అందరికీ చీటీలు పంచారు. "రోగులకే ఇస్తే ఆరోగ్యవంతుల మీద వివక్ష కాదా?" అని ఆయన అడిగితే అందరం చప్పట్లు కొట్టాం.

మా లాటరీలన్నిటికీ ఉన్న నిబంధనే దీనికీ ఉంది. పేరు పిలిచినప్పుడు మనిషి ఎదురుగా ఉండాలి. లేకపోతే మళ్లీ తీస్తారు.

బాస్కెట్‌బాల్ కోర్టులో చీటీల డ్రమ్ము తిప్పారు. ఫ్యాను, బియ్యం బస్తా ఎవరికో పోయాక మేయరుగారు పెద్ద బహుమతికి, అంటే చికిత్సకు, చీటీ తీసి చదివారు. "నార్మితా అబెల్యానా."

నార్మిత ఎండుచేపలు అమ్ముతుంది. రొమ్ము కేన్సర్. ఈ నెలలోనే రేడియేషన్ మొదలుపెట్టకపోతే లాభం లేదని డాక్టరు చెప్పేశాడు. దేవుడున్నాడనుకున్నాను. కానీ వచ్చింది ఆవిడ కాదు, కూతురు జెలీన్.

"మేయరుగారూ, అమ్మ మంచం మీదుందండీ. ఇల్లు ఈ గోడ వెనకే. కావాలంటే కిటికీలోంచి చెయ్యూపుతుంది."

"కిటికీ కోర్టులోకి రాదు కదమ్మా," అన్నారాయన, ఎంతో బాధపడుతూ. "నేనొక్కణ్ణే తేలిస్తే నియంతనంటారు. ప్రజలేమంటారో అడుగుదాం."

ప్రజలం చీటీలు పట్టుకుని నిలబడి ఉన్నాం. "మళ్లీ తియ్యండి" అన్నాం. అందరికంటే గట్టిగా అరిచింది నేనే.

రెండో చీటీ నాది. జెలీన్ తల్లిని కుర్చీతో సహా మోయించుకొచ్చేసరికి నేను మేయరుగారి పక్కన ఫొటోకి నిలబడి ఉన్నాను. గెలిచింది ఇంకొకరికి ఇవ్వడం కుదరదని చీటీ వెనక రాసి ఉంది. రెండుసార్లు చదువుకున్నాను.

సెబులో డాక్టరు "నీకేం జబ్బయ్యా?" అని అడిగాడు. ఏమీ లేదన్నాను. పరీక్షలన్నీ చేసి ఆయనా అదే రాశాడు. ఈ ఏడు మా దీవి నుంచి చికిత్సకు వెళ్లినవారిలో నూటికి నూరు శాతం కోలుకున్నారని నివేదిక వెళ్లింది. ఇంత మంచి ఫలితం ఇంకెక్కడా లేదట. కోర్టు ముందు నా ఫొటోతో బ్యానరు కట్టారు: "కేన్సర్‌ని జయించిన మన తెరెన్సియో."

నార్మితని పాతిపెట్టిన రోజున ఊరంతా హాజరయ్యాం. జెలీన్ అందరికీ కాఫీ, బిస్కెట్లు అందిస్తూ నా దగ్గర ఆగింది.

"అన్నా, నీకు నయమైందటగా?"

సిగ్గేసింది. కానీ పదిమందీ చూస్తున్నారు.

"అంతా దేవుడి దయమ్మా," అని కప్పు అందుకున్నాను.