కారు మౌనవ్రతం

ఆ సోమవారం పొద్దున డ్రైవింగ్ మాస్టారు పెట్టుకున్న పని ఒక్కటే: కారును భార్యకు అప్పగించి సాయంత్రం దాకా నోరు మూసుకుని కూర్చోవడం. ఇరవై ఏళ్లుగా ఆ డొక్కు కారులో రోడ్డు హోరు మీద గొంతు చించుకుని పాఠాలు చెప్పి ఆయన గొంతు బొంగురుపోయింది. ఇంకో నెల ఇలాగే అరిస్తే ఉన్న కాస్తా పోతుందని డాక్టరు తేల్చేశాడు. గొంతు లేని మాస్టారి దగ్గర ఎవరు చేరతారు?

భార్య దర్జీ. ఆవిడ చెయ్యి పడితే పాత కోటు కూడా పెళ్లికొడుకులా తయారవుతుంది. రోడ్డు హోరు లోపలికి రాకుండా చేయడానికి కారునూ ఆవిడ అలాగే చూసింది. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగింది. అది జారి వచ్చిన చోటల్లా కొత్త రబ్బరు అంచు వేసింది. సీట్లు తీయించి, రేకును వేలి కణుపుతో తడుతూ పోయి, మోగిన చోట మాత్రం బంక పట్టీ ముక్కలు అతికించింది. మోగని చోట అంగుళం కూడా వృథా చేయలేదు. కత్తిరింపుల్లో మిగిలిన ఉన్ని గుడ్డతో పలచని బొంతలు కుట్టి కాళ్ల కింద, డిక్కీలో పరిచింది. తలుపుల అడుగున వాన నీళ్లు పోయే కన్నాల జోలికి వెళ్లలేదు. మొత్తం సరంజామా మూడు కిలోలు దాటలేదు. ఆ పనితనం చూస్తే ఎవరికైనా చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

మాస్టారికి ఒక అలవాటుంది. శిష్యులతో పైకి ఎప్పుడూ "బాగుంది, బాగుంది" అంటారు. అసలు మాట పెదవుల కింద గొణుక్కుంటారు. ఇన్నేళ్లూ ఆ గొణుగుడును రోడ్డు హోరు కడుపులో పెట్టుకుని కాపాడింది. ఇప్పుడు హోరు లేదన్న సంగతి ఆయన చెవులకు తెలిసింది కానీ, నోటికి ఇంకా తెలియలేదు.

మంగళవారం పాఠానికి వచ్చిన బ్యాంకు గుమస్తా మలుపు దగ్గర కారు ఆపి, దిగి, నడిచి వెళ్లిపోయాడు. బుధవారం ఆసుపత్రి నర్సు అరగంటకే ముఖం మాడ్చుకుని తాళాలు చేతిలో పెట్టింది. కారణం ఇద్దరూ చెప్పలేదు. బంక వాసన పడలేదు కాబోలనుకుని మాస్టారు అద్దాలన్నీ దించి కారును ఎండబెట్టారు. ఇంటికొచ్చి ఆ మాటే భార్యతో అన్నారు. తన పనికి వంక పెడితే ఆవిడ ఊరుకునే రకం కాదు. వాసన సంగతి తానే తేలుస్తానని గురువారం వెనక సీట్లో ఎక్కి కూర్చుంది.

ఆ రోజు పాఠం హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్ గారిది. మూడుసార్లు టెస్టు తప్పిన మనిషి, మర్నాడే నాలుగోది. కారు కదిలింది.

"బాగుంది మేడమ్," అన్నారు మాస్టారు. వెంటనే గొణిగారు. "క్లచ్ మీంచి ఆ కాలు తియ్యదు మహాతల్లి. అది పాదమా, పేపర్‌వెయిటా?"

దర్జీ గారికి బంక వాసన రాలేదు కానీ, ప్రతి అక్షరం వినబడింది. భర్త భుజం పొడిచింది. "ఏమండీ, ఇదంతా అందరికీ వినబడుతోంది."

మాస్టారి పై ప్రాణాలు పైనే పోయాయి. ఉన్న శిష్యుల్లో ఇద్దరు ఎందుకు పోయారో, మూడో మనిషి ఎందుకు పోబోతోందో ఒక్కసారే అర్థమైంది. హెడ్‌మిస్ట్రెస్ కారు పక్కకు తీసి ఆపారు.

"కాలు క్లచ్ మీదే ఉంచుతున్నానని నాకు ఒక్కరోజైనా చెప్పారా?"

"రోజూ చెప్పానండీ. మీకు వినబడేది కాదు."

ఆవిడ సంచీలోంచి నోటు పుస్తకం తీశారు. "ఇంకా ఏమేం అనుకున్నారో మొదటి రోజు నుంచి చెప్పండి. గొంతు పెంచనక్కర్లేదు."

మాస్టారు గంటసేపు గొణిగారు. ఆవిడ నాలుగు పేజీలు రాసుకున్నారు. శుక్రవారం టెస్టు పాసయ్యారు.

కబురు పాకింది. గుమస్తా, నర్సు తిరిగొచ్చి తమ గురించీ అలాగే గొణగమన్నారు. అరుపులు లేక మాస్టారి గొంతు తేటపడింది. కొత్తగా చేరేవాళ్లకు ముందు ఆ కారు హోరు మాన్పిన మనిషికి నమస్కారం పెట్టమని ఆయనే చెబుతున్నారు.

నిన్న ఒక శిష్యుడు గంటసేపు ఒక్క తప్పు లేకుండా నడిపి, తనను ఒక్క మాటైనా అనలేదని అలిగి వెళ్లాడు.