మంత్రిగారి వేలు

"దేశానికి రెక్కలు మొలిచాయి. ఆ రెక్కలను నేనే స్వయంగా నేల మీదికి దించబోతున్నాను" అని అంతరిక్ష శాఖ మంత్రిగారు విలేకరుల ముందు ప్రకటించారు.

అందరూ చప్పట్లు కొట్టారు. మంత్రిగారి కుర్చీ వెనక నిలబడ్డ ప్రోటోకాల్ ఆఫీసరు కూడా కొట్టాడు గానీ, రెండో చప్పట్టుకే ఆపేశాడు. ఆ దించడంలో మంత్రిగారు చేయాల్సిన పనంటూ ఏదీ లేదని ఆయనకు తెలుసు. త్వరలో రిటైరు కాబోతున్న మనిషి. మాట పడకుండా ఇంటికి వెళ్ళాలన్నది ఒక్కటే ఆయన కోరిక.

సంగతేమిటంటే, ఆ రెక్కలు ఒక అంతరిక్ష నౌకవి. అది రాకెట్‌లా పైకి వెళ్ళి, పని ముగించుకొని, విమానంలా రన్‌వే మీద దిగాలి. మళ్ళీ వెళ్ళాలి, మళ్ళీ రావాలి. ప్రస్తుతానికి దిగడం ఒక్కటే పరీక్ష. హెలికాప్టరు దాన్ని ఎత్తుకెళ్ళి ఆకాశంలో వదిలేస్తుంది. అక్కణ్ణించి దారి వెతుక్కోవడం, రన్‌వేకి ఎదురుగా తిరగడం, చక్రాలు చాపుకోవడం, దిగాక ప్యారాచూట్ విప్పుకొని ఆగడం, అన్నీ అదే చూసుకుంటుంది. లోపల మనిషి ఉండడు. కింద నుంచి నడిపేవాడూ ఉండడు. ప్రాజెక్టు డైరెక్టరమ్మ ఏళ్ళ తరబడి దానికి నేర్పిందల్లా, ఎవరూ చెప్పకుండానే బుద్ధిగా ఇంటికి రావడం.

"అన్నీ అదే చేసుకుంటే ఇక నేనెందుకమ్మా?" అని మంత్రిగారు ఆమెను తన గదికి పిలిపించి అడిగారు.

"చూడ్డానికి సార్."

"చూసేవాణ్ణి టీవీలో ఎవరు చూస్తారు?"

మంత్రిగారు బల్ల మీది నల్ల ఫోను ఎత్తారు. అది పైవారితో నేరుగా మాట్లాడే ఫోను. దానికి అంకెలు ఉండవు. ఆయన దాన్ని ఎత్తితే చాలు, గదిలో కూర్చున్నవాళ్ళంతా లేచి నిలబడడం ఆనవాయితీ. డైరెక్టరమ్మా, మంత్రిగారి కార్యదర్శీ లేచారు; ప్రోటోకాల్ ఆఫీసరు ఎప్పటిలా నిలబడే ఉన్నాడు.

"సార్... అలాగే సార్... నేనే సార్" అని పెట్టేసి, "పైవారిదీ అదే మాట. నేనేదో ఒకటి చేసి తీరాలట" అన్నారు.

కార్యదర్శి రన్‌వేకి అడ్డంగా రిబ్బను కడదామన్నాడు. నౌక వచ్చి దాన్నే కత్తిరిస్తుందట.

"చక్రానికి చుట్టుకుంటే బోర్లా పడుతుంది" అంది డైరెక్టరమ్మ.

"పోనీ, అది దిగేటప్పుడు మంత్రిగారి చేత తెల్ల పావురాలు ఎగరేయిద్దాం."

"అవి వెళ్ళి దాని ముక్కుకి తగిలితే?"

"మీరు ప్రతిదానికీ అడ్డం చెప్తారేంటమ్మా? దేశానికి ఆనందం అక్కర్లేదా?"

డైరెక్టరమ్మ కళ్ళు ఎర్రబడడం చూసి ప్రోటోకాల్ ఆఫీసరు ఉండబట్టలేకపోయాడు. "సార్, బటన్ అయితే?" అన్నాడు.

గదిలో వెలుతురు వచ్చినట్టయింది. బటన్ ఎర్రగా ఉండాలన్నాడు కార్యదర్శి. ఎరుపు ప్రతిపక్షం రంగు. అందుకని ఆకుపచ్చ ఖాయమైంది.

బయటికొచ్చాక డైరెక్టరమ్మ ప్రోటోకాల్ ఆఫీసర్ని వరండాలో పట్టుకుంది. "ఏం చేశారు మీరు? నౌక బుర్రలోకి మంత్రిగారి వేలు దూరితే అది బతుకుతుందా?"

"దూరదమ్మా. నొక్కితే బటన్‌లో చిన్న దీపం వెలుగుతుంది, అంతే. తీగ బల్ల కిందిదాకా వెళ్ళి అక్కడే ఆగిపోతుంది."

"ఒట్టు?"

"ఒట్టు."

ఆ సాయంత్రం ఇంట్లో ప్రోటోకాల్ ఆఫీసరు ముందు కంచం పెడుతూ భార్య అడిగింది. "నొక్కితే ఏమవుతుందండీ?"

"దీపం వెలుగుతుంది."

"దీపం వెలిగితే?"

"మంత్రిగారు వెలుగుతారు."

"మరి ఆ నౌక?"

"దాని పాటికి అది దిగుతుంది."

ఆమె అన్నం వడ్డించింది. "రోజూ పొద్దున్నే దేవుడి ముందు కళ్ళు మూసుకొని నిలబడతారు కదా. ఈ సంగతి ఆయనకు ఎలా చెప్పుకుంటారు?"

"ఆయనకు తెలియనిదేముందే? ఇంత లోకాన్ని నడిపేవాడు, ఎక్కడైనా బటన్ నొక్కుతూ కనిపించాడా?" అన్నాడు. అన్నాక మాట మరీ పెద్దదైపోయిందనిపించి చెంపలు వేసుకున్నాడు.

పరీక్ష రోజున ఆకాశం కడిగినట్టుంది. మంత్రిగారు రన్‌వేకి వీపు పెట్టి, కెమెరాలకు ముఖం పెట్టి ప్రసంగం మొదలుపెట్టారు. పైన హెలికాప్టరు నౌకను వదిలేసింది. మంత్రిగారు మనిషికీ పక్షికీ ఉన్న తేడా దగ్గరున్నారు. నౌక రన్‌వేకి ఎదురు తిరిగింది. మంత్రిగారు తన బాల్యంలోకి వెళ్ళారు. నౌక చక్రాలు నేలను తాకాయి, ప్యారాచూట్ విచ్చుకుంది, గీత తప్పకుండా వచ్చి ఆగింది. కంట్రోల్ రూంలో డైరెక్టరమ్మ ముఖం చేతుల్లో దాచుకొని ఏడ్చింది. మంత్రిగారు ఇంకా హైస్కూల్లో ఉన్నారు.

"అందుచేత ఇప్పుడు ఈ బటన్..." అంటూ వెనక్కి తిరిగిన మంత్రిగారు, ఎత్తిన వేలు ఎత్తినట్టే ఉంచి, "ఇదేంటయ్యా, వచ్చేసిందా?" అన్నారు గొంతు తగ్గించి.

"మీ కోసమే ఆగింది సార్. నొక్కండి" అన్నాడు ప్రోటోకాల్ ఆఫీసరు.

నొక్కారు. ఆకుపచ్చ దీపం వెలిగింది. బ్యాండు మోగింది. మర్నాడు ఒక పత్రిక "మంత్రి వేలు, దేశానికి మేలు" అని పెద్దక్షరాలతో వేసింది.

ఇంకో పత్రిక ఏమీ రాయకుండా ఫొటో ఒక్కటి వేసింది. అందులో మంత్రిగారి వేలు ఇంకా గాలిలోనే ఉంది. వెనకాల నౌక ఆగి ఉంది. దాని రెక్క మీద అప్పటికే ఒక కాకి వాలి, ముక్కుతో ఈకలు సర్దుకుంటోంది.

పార్లమెంటు అట్టుడికిపోయింది. "మంత్రి నొక్కకముందే దిగిందంటే, నొక్కిందెవరు? ఆ వేలు ఎవరిది? అసలు మన దేశపు వేలేనా?" అని ప్రతిపక్ష నాయకుడు బల్ల గుద్దాడు. వెంటనే కమిటీ పడింది. జనం దాన్ని వేలి కమిటీ అన్నారు. ఒక రిటైరైన పెద్ద అధికారి దానికి అధ్యక్షుడు. ఎంత చిన్న విషయాన్నైనా ఆయన గౌరవంగా పెద్దది చేస్తాడని పేరు.

"దిగడానికి దానికి అనుమతి ఎవరిచ్చారు?" అని ఆయన డైరెక్టరమ్మను అడిగాడు.

"ఎవరూ ఇవ్వలేదు సార్. లోపల కంప్యూటరుంది. అదే నిర్ణయించుకుంది."

"దాని హోదా ఏమిటి?"

"హోదా అంటూ ఏం లేదు సార్."

"హోదా లేనివాళ్ళు నిర్ణయాలు తీసుకుంటున్నారన్నమాట. రాసుకోండి."

"సార్, అది సరిగ్గా దిగింది..."

"సరిగ్గా దిగిందా లేదా అన్నది మా పరిధిలోకి రాదమ్మా. చెప్పకుండా దిగింది. అదీ ప్రశ్న."

ఆఖరికి కమిటీ తేల్చిందేమిటంటే, నౌకకు క్రమశిక్షణ లేదు. కాబట్టి బటన్ తీగను నేరుగా నౌక కంప్యూటరుకే కలపాలి. ఇకమీదట ఎవరైనా నొక్కేదాకా అది దిగకూడదు.

"గాలిలో ఆగడం దాని వల్ల కాదు సార్" అంది డైరెక్టరమ్మ, చేతులు జోడించి. "రెక్కలున్నాయి గానీ, పరీక్షలో ఇంజను ఉండదు. నొక్కడం ఆలస్యమైతే రాయిలా పడుతుంది."

"కాసేపు వెయిట్ చేయమని చెప్పండి. మేమంతా చేయడం లేదూ?"

సంతకం కోసం ఫైలు మంత్రిగారి దగ్గరికి వెళ్ళే రోజు పొద్దున ప్రోటోకాల్ ఆఫీసరు దేవుడి ముందు రోజూకంటే ఎక్కువసేపు నిలబడ్డాడు. ఆ తీగ బల్ల కిందే ఆగిపోయిందని చెప్పేస్తే తన పరువు పోతుంది. చెప్పకపోతే దాన్ని నౌక దాకా లాగుతారు, మంత్రిగారి ప్రసంగం ముగిసేలోపు నౌక నేలకూలుతుంది, డైరెక్టరమ్మ ఏళ్ళ కష్టం బూడిదవుతుంది. కమిటీ రాకముందే వెళ్ళి మంత్రిగారి గది తలుపు తట్టాడు.

"సార్, తప్పు నాదే. ఆ బటన్ దేనికీ కలపలేదు. మీరు నొక్కినా నొక్కకపోయినా అది దిగుతుంది. దయచేసి దాని జోలికి వెళ్ళనివ్వకండి. నన్ను ఏం చేసినా సరే."

మంత్రిగారు కోప్పడతారనుకుంటే కోప్పడలేదు.

"కూర్చోవయ్యా" అన్నారు.

సర్వీసు మొత్తంలో ఒక మంత్రి ముందు ఆయన కూర్చోవడం అదే మొదలు. కుర్చీ అంచున కూర్చున్నాడు.

"ఆ నల్ల ఫోను తీగ ఎటు పోతుందో ఒకసారి చూడు."

ప్రోటోకాల్ ఆఫీసరు వంగి చూశాడు. తీగ బల్ల మీంచి దిగి, బల్ల కోడు వెంబడి కిందిదాకా వెళ్ళి, అక్కడ చక్కగా ముడి వేసుకొని ఆగిపోయింది. గోడ దాకా కూడా పోలేదు.

"ఎప్పటి నుంచి సార్?" అన్నాడు.

"నేనొచ్చేసరికే అలా ఉంది. పాతాయన వెళ్ళిపోతూ చెప్పాడు, జాగ్రత్తగా వాడుకోండి, బాగా పనిచేస్తుంది అని."

అంతలో కమిటీ వచ్చింది. లేవబోయిన ప్రోటోకాల్ ఆఫీసర్ని మంత్రిగారు కూర్చోమన్నట్టు సైగ చేశారు. అధ్యక్షుడూ సభ్యులూ వరసగా కూర్చున్నారు. ఫైలు బల్ల మీదికి చేరింది. ఒక మూల కుర్చీలో డైరెక్టరమ్మ తల దించుకొని ఉంది. మంత్రిగారు కలం మూత తీసి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, నల్ల ఫోను ఎత్తారు.

గదిలో కుర్చీలన్నీ ఒక్కసారి కదిలాయి. అధ్యక్షుడు లేచి కోటు గుండీ పెట్టుకున్నాడు.

"సార్... ఆ, కమిటీ వారు ఇక్కడే ఉన్నారు సార్... తీగ కలపొద్దంటారా?... దాని మానాన దాన్ని దిగనివ్వమంటారా?... అలాగే సార్. బటన్ మాత్రం ఉంచుతాం సార్." మంత్రిగారు ఫోను చేత్తో మూసి, ఫైలును మెల్లగా పక్కకు జరిపారు.

"నా గురించి ఏమైనా అన్నారా సార్?" అని అధ్యక్షుడు గుసగుసగా అడిగాడు.

"మీకు నమస్కారం చెప్పమంటున్నారు."

అధ్యక్షుడు ఫోను వైపు తిరిగి నడుం వంచి నమస్కరించాడు. సభ్యులూ నమస్కరించారు. మూలన డైరెక్టరమ్మ కళ్ళు తుడుచుకొని రెండు చేతులూ జోడించింది.

ప్రోటోకాల్ ఆఫీసరు కిందికి చూసుకున్నాడు. తన కుర్చీ ఖాళీగా ఉంది. ఎప్పుడు లేచాడో ఆయనకే తెలియదు. చేతులు కూడా కట్టుకొని ఉన్నాడు.